గురివింద గింజలతో రాసిన పాఠం

మొన్నొకనాడు మా వీధి చివర బడిలో కొత్తగా చేరిన టీచరమ్మాయి నన్ను పిలిచి, తన తరగతి గోడమీది బొమ్మ చూపించింది. ఎండుటాకులు, రెల్లు కంకులు, బంతిరేకులు, రకరకాల గింజలు అట్టమీద అంటించి పిల్లలు చేసిన బొమ్మ. చక్కగా ఉంది. మెచ్చుకుందామని నోరు తెరిచానో లేదో, ఒక మూల ఎర్రగా, మూతి నల్లగా గురివింద గింజలు కనిపించాయి. అంతే. ఆ అమ్మాయి "అయ్యో మామ్మగారూ, పాడైపోతుంది!" అంటూండగానే గోళ్లతో ఒక్కొక్క గింజా పెరికి కొంగున మూటకట్టేశాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది. ముసలామెకు మతి పోయిందనుకుని ఉంటుంది. మతి ఉండబట్టే పెరికానమ్మా. అదేమిటో నీకు ఎదురుగా నిలబడి చెప్పడానికి నోరు రాలేదు. అందుకని రాస్తున్నాను. నీతోపాటు కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఇంకెవరైనా చదివితే మరీ మంచిది. ఇందులో నా గొప్ప వీసమెత్తు కూడా లేదని ముందే చెప్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. విజయనగరంలో ట్రైనింగు ముగించుకుని, ఆమదాలవలస స్టేషన్లో దిగి, అక్కణ్ణించి రెండు కోసులు బండిమీద వెళ్తే వచ్చే ఒక చిన్న ఊరి బడిలో చేరాను. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు నిండలేదు. తోడుగా మా అమ్మమ్మ వచ్చింది. బడికి రెండు గదులు, ఒక వసారా, ముగ్గురు పంతుళ్లం. పెద్ద పంతులుగారు తెల్లటి ఉత్తరీయం మడత నలగకుండా తిరిగే మనిషి. ఇన్‌స్పెక్టరు అనే మాట వింటే ఆయనకు చెమటలు పట్టేవి. రెండో ఆయన ఆ ఊరివాడే, ముసలివాడు. ట్రైనింగూ గీనింగూ లేదు. ముప్ఫై ఏళ్లుగా ఇసుకలో అక్షరాలు దిద్దించి ఆ ఊళ్లో చదువొచ్చిన ప్రతివాడికీ గురువైపోయాడు. నోట్లో ఎప్పుడూ చుట్ట. నేను ఆయన్ని లోపల్లోపల చులకనగా చూసేదాన్ని. ప్రకృతి పాఠం, చేతిపని, చదువు మూడూ కలిపి ఎలా నేర్పాలో మాకు ట్రైనింగులో చెప్పారు మరి. ఈయనకేం తెలుసని!

కార్తీకం వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తారని కబురొచ్చింది. పెద్ద పంతులుగారు నన్ను పిలిచి, "అమ్మా, మీరు కొత్త పద్ధతులు నేర్చుకుని వచ్చారు. ఏదైనా చేసి చూపించండి. మన బడి పరువు మీ చేతిలో ఉంది" అన్నారు. ఆ మాటతో నేను భూమ్మీద నిలవలేదు. శరదృతువు పాఠం చేద్దామనుకున్నాను. పిల్లల్ని నాలుగు రోజులు పొలం గట్లమీద, ఏటి ఒడ్డున తిప్పాను. రెల్లు కోశాం, బంతిపూలు తెచ్చాం, రాలిన ఆకులు ఏరాం. చదువు కూడా అందులోనే రావాలి కదా, అందుకని ఋతువుకు సంబంధించిన మాటలు పెద్దపెద్ద అక్షరాల్లో గింజలతో అంటించి, ఆ అక్షరాలమీద పిల్లలు వేలు పెట్టి దిద్దుతూ చదవాలని నా పథకం. యుద్ధం మూలంగా కాగితం లేదు, రంగుల మాట అసలే లేదు. ఉన్నదల్లా బడి వెనక పడేసిన పాత తలుపు చెక్క. ఇక కంచెలనిండా గురివింద కాయలు పగిలి ఎర్రగా నవ్వుతున్నాయి. అంతకంటే మంచి రంగు ఎక్కడ దొరుకుతుంది?

గురివింద ప్రమాదమని నాకు తెలీదా అంటే, సగం తెలుసు. చిన్నప్పుడు వాటితో ఆడుకున్నాం. మా పిన్ని కొడుకు ఒకసారి గింజ మింగితే ఇంట్లో గోలగోలైంది, కానీ వాడికేమీ కాలేదు. కాబట్టి పెద్దవాళ్లు ఊరికే బెదిరిస్తారనుకున్నాను. సగం తెలియడం అసలు తెలియకపోవడం కంటే చెడ్డదని నాకు ఆ తర్వాతే అర్థమైంది.

గుండ్రటి గింజలు చెక్కమీద నిలవలేదు. అంటించినవి అంటించినట్టే జారిపోతున్నాయి. ఒక పూటంతా తంటాలు పడ్డాక నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. గింజని సగానికి చిట్లగొడితే, చదునైన వైపు చెక్కకు పట్టుకుంటుంది, ఎర్రటి వైపు పైకి కనిపిస్తుంది. ఆడపిల్లల్ని వసారాలో కూచోబెట్టి రాళ్లతో కొట్టించాను. సరిగ్గా సగానికి పగలనివి ముక్కలైపోయాయి, ఆ ముక్కలు కూడా జిగురులోనే కలిపేశాం. ఆ చేతుల్తో పిల్లలు కళ్లు నులుముకున్నారో, నోట్లో వేలు పెట్టుకున్నారో నేను చూడలేదు.

ఇక జిగురు. ముసలి పంతులుగారు వసారాలో నిలబడి చూసి, "సింతపిక్కల జిగురు సాలదేటమ్మా?" అన్నారు. "అది నల్లగా ఉంటుందండీ, ఎరుపు కనబడదు" అన్నాను. నాగులచవితికి చలిమిడి చెయ్యడానికి మా అమ్మమ్మ దంచి ఉంచిన బియ్యప్పిండి ఇంకా మిగిలింది. అది తెచ్చి గంజిలా ఉడికించి, చెక్కనిండా దళసరిగా పులిమించాను. తెల్లటి పిండిమీద ఎర్రటి అక్షరాలు. ముసలాయన ఆ పిండివైపు చాలాసేపు చూసి, చుట్ట తీసి, "బియ్యప్పిండే" అని మాత్రం అని వెళ్లిపోయారు. ఆ ఏడు బియ్యం దొరక్క ఊళ్లో సగం ఇళ్లు చోడి, అంటే రాగి, అంబలితోనే గడుపుకొస్తున్నాయి. అది నాకు తెలీదని అబద్ధం చెప్పను. తెలుసు. పాఠానికీ దానికీ సంబంధం ఉందని తట్టలేదు.

చెక్కమీద నాలుగు వరసలు వచ్చాయి. పైన మంచు, దానికింద రెల్లు, తర్వాత బంతి, అట్టడుగున వరి. ఆరడానికి వసారాలో గోడకు చేరేసి ఇళ్లకు వెళ్లిపోయాం.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చాను. అట్టడుగు వరస లేదు. వరి అన్న మాట మొదలంటా ఎవరో గోకేశారు. చెక్క బయటపడింది. మీలో కవిత్వం రాసేవాళ్లుంటే ఆ మాటే ఎందుకు పోయిందని ఆలోచిస్తారేమో. ఏమీ లేదు, పిల్లల చేతికి అందేది ఆ వరసే.

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లలు వచ్చి చాపలమీద కూచోగానే బెత్తం పట్టుకుని నిలబడ్డాను. "ఎవర్రా ఇది పాడుచేసింది? ఇన్‌స్పెక్టరుగారొచ్చే రోజునే మీకు తమాషాగా ఉందా? ఎవరో తేలాలి, తోలు వలిచేస్తాను!" అని అరిచాను. ముప్ఫైమంది పిల్లలు బిగుసుకుపోయారు. "నాను కాదు పంతులమ్మా", "నాను సూడనేదు" అని ఒకరి తర్వాత ఒకరు గొణిగారు. నేను ఇంకా గట్టిగా అరిచాను.

ఆ అరుపులకి ముసలి పంతులుగారు పక్క గదిలోంచి వచ్చారు. చెక్క దగ్గర చతికిలబడి గోళ్ల గీతలు వేలితో తడిమారు. నావైపు చూసి, పిల్లలకు వినబడకుండా అడిగారు.

"ఎలిక కాదు. పిల్లలే గోకినారు. పిండికోసం. గింజలు పగలగొట్టినవే కదమ్మా ఇవి?"

"ఔనండీ."

"గింజ గింజలా మింగితే ఏటీ కాదు. పైపెంకు అరగదు, అలాగే ఎల్లిపోద్ది. నోపల పప్పే ఇసం. పసువుని సంపాలంటే ఆ పప్పు నూరి, సూదిలా సేసి గుచ్చుతారు. నీకు సెప్పనేదా ఎవులూ?"

ఎవరూ చెప్పలేదు. ఆయన మాత్రం చెప్పొచ్చుగా అని ఆ క్షణంలో ఆయనమీదే కోపమొచ్చింది. కానీ నేను ఆయన్ని చెప్పనిచ్చే మనిషినా? బెత్తం ఎప్పుడు కిందపడిందో తెలీదు.

పరుగున పెద్ద పంతులుగారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. కానీ ఆయన భయం వేరు. "ఇన్‌స్పెక్టరుగారు వెళ్లేదాకా ఈ మాట బయటికి రానివ్వకండి. పిల్లలందరూ వచ్చారు, అందరూ బాగానే ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. అనవసరంగా గోల చేస్తే మీ ఉద్యోగమూ పోతుంది, బడి గుర్తింపూ పోతుంది" అన్నారు. నేను విన్నాను. అదే నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు, గింజలు కొట్టించడంకంటే కూడా. ఆయన మాట నాకు హాయిగా వినిపించింది, అందుకే విన్నాను.

ఆ రెండు గంటలూ నేను పాఠం చెప్పలేదు. ముప్ఫై మొహాలు చదివాను. ఒకడు దగ్గితే గుండె ఆగేది. ఒక పిల్ల పొట్ట పట్టుకుంటే లేచి వెళ్లి చెయ్యి పెట్టి చూశాను, లంగా బొందు బిగించుకుంటోంది. పెదాలు ఎండినవాళ్లెవరు, కళ్లు వాలినవాళ్లెవరు? అందరి పెదాలూ ఎండే ఉన్నాయి, అందరి కళ్లూ వాలే ఉన్నాయి. అది ఎప్పుడూ అంతేనా, ఇవాళే అలా ఉన్నాయా అన్నది చెప్పలేకపోయాను. అన్నాళ్లూ నేను వాళ్ల మొహాలు సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది.

పది గంటలకు ఇన్‌స్పెక్టరుగారి జట్కా వచ్చింది. తలపాగా, నల్లకోటు, చేతికర్ర. పెద్ద పంతులుగారు ముందు నడిచి ఆయన్ని నేరుగా నా గదిలోకి తీసుకొచ్చారు. చెక్క చూడగానే ఆయన మొహం విప్పారింది. "బాగుందమ్మా! ఋతువును పిల్లల చేత చదివిస్తున్నారన్నమాట. ఏదీ, ఎవరైనా చదవండి" అన్నారు. పిల్లలు గొంతు కలిపి మంచు, రెల్లు, బంతి అని చదివి ఆగిపోయారు. ఆయన కర్రతో అడుగువైపు చూపించి, "ఇక్కడేముండేది?" అన్నారు. ఎవరో సన్నగా "వరి సారూ" అన్నారు.

ఆ గొంతు ఎవరిదో చూశాను. రెండో చాప చివర కూచునే పిల్ల, తొమ్మిదేళ్లుంటాయి. ఆ పిల్ల తండ్రి రంగూన్ వెళ్లాడు, యుద్ధం వచ్చాక ఏ కబురూ లేదు. చూడగానే తల దించేసుకుంది. నా నోరు నా అదుపులో లేకుండా పోయింది. ఇన్‌స్పెక్టరుగారి ముందే చాపమీద పిల్లల మధ్య కూచుండిపోయాను.

"పిల్లలూ, ఆ గింజల్లో విషం ఉంది. నాకు తెలీక మీచేత పగలగొట్టించాను. తప్పు నాది. ఎవరు తీసినా కొట్టను, తిట్టను. ఒట్టు. కానీ చెప్పకపోతే ప్రాణం పోతుంది. నాకు చాలా భయంగా ఉందర్రా" అన్నాను.

"ఏమిటమ్మా ఇది!" అని పెద్ద పంతులుగారు బుసకొట్టారు. ఇన్‌స్పెక్టరుగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. ఆ పిల్ల లేచి నిలబడింది.

"నాను తిన్నేదు పంతులమ్మా. మాయమ్మకిచ్చినాను."

ముప్ఫై నోళ్లకేసి చూస్తూ కూచున్నాను కదా. తిన్నవాళ్లు ఆ గదిలోనే లేరు.

ఎలా పరిగెత్తానో తెలీదు. పిల్ల ముందు, నేను వెనక, ఉత్తరీయం జారిపోతుంటే మా వెనక పెద్ద పంతులుగారు. ఇన్‌స్పెక్టరుగారు జట్కా నాకిస్తానన్నారు గానీ గట్లమీద అది రాదు. దాన్ని ఆమదాలవలస పంపించి డాక్టరును తీసుకురమ్మన్నారు. ఆ మేలు నేను ఈరోజుకీ మరిచిపోలేదు.

ఊరి చివర తాటాకు ఇల్లు. గుమ్మంలో తల్లి చేట పట్టుకుని కూచుంది, పక్కన రెండేళ్ల పిల్ల ఆడుకుంటోంది, లోపల ముసలి అత్తగారు. నన్ను చూడగానే ఆమె లేచి నిలబడి, కొంగు సర్దుకుని చేతులు జోడించింది.

"రాండి పంతులమ్మా. ఏటిలా పరిగెట్టుకొచ్చినారు? పిండి పంపినారు, మీ కడుపు సల్లగుండ. మా గుంట సెప్పింది, పంతులమ్మ ఇచ్చిందని."

పిల్ల నావైపు చూడలేదు.

"ఆ పిండేం చేశావమ్మా?" అన్నాను చివరికి.

"అంబల్లో ఏసినాను. మా గుంట బడికెల్లినాక ముగ్గురం తాగినాం. అందులో ఎర్ర ఎర్రగా పప్పులాంటివి కూడా ఉన్నాయి. కందిపప్పు నూక కామోసనుకున్నాను. పిండితోపాటు పప్పు కూడానా, ఈ పంతులమ్మ ఎంత మంచిదో అని మా అత్తతో అన్నాను."

నేను మొత్తం చెప్పేశాను. చెప్తున్నంతసేపూ ఆమె చేట కిందపెట్టలేదు. అంతా విన్నాక రెండేళ్లదాన్ని ఎత్తుకుని గట్టిగా హత్తుకుంది. "ఓలమ్మో, నాయమ్మో" అని అత్తగారు లోపల శోకాలు మొదలుపెట్టింది. తల్లి మాత్రం ఏడవలేదు. "మరిప్పుడేటి సెయ్యాల? సెప్పండి, బేగి సెప్పండి" అంది. నాకేం తెలుసు? ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించాలని మాత్రం తెలుసు. పొద్దున తాగిన అంబలి అప్పటికి కడుపులో ఎక్కడుంటుంది! అయినా తాగించాం. చిన్నది తాగనని మొండికేసి నా చెయ్యి కొరికింది.

డాక్టరు మధ్యాహ్నానికి వచ్చాడు. ముగ్గుర్నీ చూసి, కుండ అడుగున మిగిలింది చూసి, ఎంతసేపు ఉడికిందని అడిగాడు. చీకటితో పొయ్యిమీద పెట్టి బాగా పొద్దెక్కాక దించానని ఆమె చెప్పింది. "ఉడకడం మంచిదే అయ్యుండొచ్చు, చెప్పలేను. మూడు రోజులు గడవాలి" అని మందిచ్చి వెళ్లిపోయాడు.

ఆ మూడు రోజులూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. పొద్దుటే వెళ్లి, పొద్దుగూకాక అమ్మమ్మ వచ్చి లాక్కెళ్తే వెళ్లేదాన్ని. వాళ్లకి జావ కాచాను, కుండలు తోమాను, ముసలామె కాళ్లు పట్టాను. ఇవన్నీ గొప్ప కోసం చెప్పడం లేదు. ఊరికే కూచుంటే భయానికి పిచ్చెత్తేది. ముసలి పంతులుగారు రోజూ ముంతతో మజ్జిగ తెచ్చి గుమ్మంలో పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్లేవారు. రెండోరోజు చిన్నదానికి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోతుకుపోయి, తోటకూర కాడలా వాడిపోయింది. తల్లి దాన్ని ఒళ్లో వేసుకుని నావైపు చూసింది. తిడితే బాగుండును. తిట్టలేదు. "భయపడకండి పంతులమ్మా, దీనికి పళ్లొచ్చేటప్పుడు కూడా ఇలాగే అయినాది" అని నాకే ధైర్యం చెప్పింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. నా చేతుల్లో ఆ పిల్ల పోతే ఎక్కడికి పారిపోవాలో కూడా ఆలోచించాను, ఆ సంగతి దాచను. సాలూరు దాటి ఏ కొండల్లోకో అనుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం చిన్నది లేచి కూచుని, "అమ్మా, బువ్వ" అంది. తల్లి నావైపు తిరిగి, మొదటిసారి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇంక మీరెల్లండమ్మా, బడిలో పిల్లలు సూత్తుంటారు" అంది. నేను గట్లమీద నడుచుకుంటూ వచ్చేశాను. ముగ్గురూ బతికారు. ఎందుకు బతికారో ఖాయంగా ఎవరూ చెప్పలేదు. ఉడకడం వల్ల కావచ్చు, పప్పు కొంచెమే పడి ఉండొచ్చు.

ఇన్‌స్పెక్టరుగారు తనిఖీ పుస్తకంలో రాసింది తర్వాత చూశాను. ప్రకృతి పాఠం మెచ్చుకోదగినదనీ, ఉపాధ్యాయినికి ఆవేశం కొంచెం ఎక్కువనీ, బడిలో గురివింద వాడరాదనీ మూడు ముక్కలు. అంతే. పెద్ద పంతులుగారు మాత్రం నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

నాలుగోరోజు ఆ పిల్ల బడికొచ్చింది. మధ్యాహ్నం అందరూ వెళ్లాక వసారాలో పక్కన కూచోబెట్టుకున్నాను. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాను.

"ఆరోజు పొద్దున నేను అన్నిసార్లు అడిగానుగా, ఎందుకు చెప్పలేదే?"

ఆ పిల్ల కాలిబొటనవేలితో నేలమీద గీసింది. తర్వాత, ఏ బెరుకూ లేకుండా, చాలా మామూలుగా అంది.

"మీరు ఎవులు పాడుసేసినారని అడిగినారు పంతులమ్మా. నాను పాడుసెయ్యనేదు కదా. ఆకలేసి తీసినాను. అది అడగనేదు మీరు."

మర్నాటినుంచి హాజరు వేసేటప్పుడు, పేరు పిలిచి, పొద్దున ఏం తిన్నావని అడగడం మొదలుపెట్టాను. మొదటిరోజు ముప్ఫైమందిలో పద్నాలుగుమంది తల దించుకున్నారు. నాలుగు నెలలు వాళ్ల ఎదుట నిలబడి కూడా ఆ మాట అడగకుండా, నేను వాళ్లచేత శరదృతువు అందాలు చదివించాను.